పొద్దుటి కన్ను, సాయంత్రపు కన్ను

కుడికంటి శుక్లం తీయించుకున్న తరువాత పిన్నికి రెండు లోకాలు ఏర్పడ్డాయి. ఎడమకన్ను మూసి చూస్తే గది గోడలు అప్పుడే తెల్లవారినట్టు నీలివెలుగులో చల్లగా ఉండేవి. కుడికన్ను మూసి చూస్తే అవే గోడలు పొద్దువాలిన వేళకు తేనె పూసినట్టు పచ్చబడేవి. రెండూ తెరిస్తే ఆ రెండు వేళలూ కలిసిపోయి, ఏ జామో తెలియని మెత్తని పగలు ఒకటి గదినిండా తేలుతూ ఉండేది. ఇంకొకరికైతే ఇది ముచ్చటగానే ఉండవచ్చు. రంగు చూసి బతికే మనిషికి మాత్రం కాదు.

ఆమె పని రఫూ. చిరిగిన చోట పోగు వెంట పోగు అల్లి, అక్కడ చిరుగు ఉండేదన్న సంగతే బట్ట మరిచిపోయేటట్టు చేయడం. వీధిలో అందరికీ ఆమె పిన్నే. అక్క కొడుకు పిలిచే పిలుపు అద్దెకున్నవాళ్ళకూ, ఎదుటి గుండీల కొట్టాయనకూ అంటుకుంది. ఆమె రఫూ చేసిన చోటును కనిపెట్టినవారు లేరని చెప్పుకునేవారు. అటువంటి మనిషి, శుక్లం తీసిన కంటితో ఒక దారమూ, తీయని కంటితో మరొక దారమూ ఎంచుతూ, ఏ కంటి మాట నమ్మాలో తెలియక సూది చేతిలో పట్టుకుని కూర్చునేది.

ఆ తగవు తీర్చినవాడు అక్క కొడుకే. లిఫ్టుల కంపెనీలో పనిచేస్తాడు. తీరిక దొరికితే ఫోను కోసం ఏదో ఒకటి తయారుచేసే అలవాటుంది. పిన్ని కోసం ఒక యాప్ చేశాడు. ఫోను కెమెరాను ముందు బట్ట మీద, తరువాత దారం మీద పెడితే చాలు, అతని గొంతే లోపలినుంచి పలికేది: "ముదురు." "లేత." "పసుపు వైపు." ఈ యాప్ ఏ దుకాణంలోనూ దొరకదు. లోకంలో దీనిని వాడే మనిషి ఒక్కరే.

ఒకనాడు ఆమె భర్త, బస్సు కండక్టరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కాలుతున్న పెట్టెను ఆ ఫోను మీద ఆనించాడు. అది ఇస్త్రీపెట్టె పెట్టుకునే రేకు అనుకున్నాడట. కొత్త ఫోను వచ్చింది గాని, అందులో యాప్ లేదు. దానిని ఎక్కించకముందే బ్యాండు మాస్టారు కోటు తీసుకుని వచ్చాడు.

ముదురెరుపు కోటు. వెనుక కుడిభుజం మీద పురుగు కొట్టిన రంధ్రం.

"రేపు సాయంత్రం హాల్లో నా ఆఖరి కచేరీ తల్లీ," అన్నాడు మాస్టారు. "వాయించేవాళ్ళందరిదీ జనం మొహం చూస్తారు. నాది మాత్రం వీపే చూస్తారు. వీపు మీద బొక్కతో దిగిపొమ్మంటారా చెప్పండి?"

మామూలుగా ఇటువంటి పనికి దారం ఆ కోటు అంచు మడత నుంచే లాగుతారు. కాని ఊరేగింపుల ఎండలో భుజాలు వెలిసిపోయాయి. మడతలోని పోగు కొత్తకోటు రంగులోనే ఉండిపోయింది. కనుక తన డబ్బాలోని దారాల నుంచే ఎంచాలి. ఎంచాలంటే కళ్ళు కలవాలి.

మధ్యాహ్నం అక్క కొడుకు ఫోను చేసి, యాప్ పంపించి, ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పసాగాడు. ఆమె స్పీకరు పెట్టుకుని శ్రద్ధగా నొక్కుతూ వచ్చింది. ఉన్నట్టుండి తెర తెల్లబడి ఒక ప్రశ్న వచ్చింది. 'ఎవరైనా మీతో ఫోనులో మాట్లాడుతూ, ఇలా చేయమని చెబుతున్నారా?'

ఆమె ఒక క్షణం చదువుకుని, 'అవును' నొక్కింది.

"ఏం నొక్కావు పిన్నీ?"

"అవునని."

"అయ్యో! కాదని నొక్కాలి!"

"నువ్వు చెబుతూనే ఉన్నావు కదరా."

"అది దొంగల గురించి అడుగుతోంది, నా గురించి కాదు."

"ఎవరైనా అని అడిగింది. నువ్వు ఎవరైనా కాదా?"

కుర్చీలోనుంచి భర్త నవ్వాడు. "దొరికిపోయావురా అబ్బాయ్! పోలీసు రాకముందే మీ పిన్ని నేరం ఒప్పేసుకుంది."

"బాబాయ్, నువ్వుండు. పిన్నీ, అబద్ధం చెబితే తప్పు మనిషికి గాని, మెషీన్‌కేంటి?"

"మెషీన్‌కి చెవులుండవు సరే. నోరు నాదే కదా."

రేపు ఈ వేళకు మళ్ళీ ప్రయత్నించమని చెప్పి ఫోను తలుపు మూసుకుంది. అక్క కొడుకు విసుగ్గా విషయం చెప్పాడు. యాప్ చేసినవాడు తన పేరు, చిరునామా, గుర్తింపు కార్డు ఇచ్చి ముందుగా నమోదు కావాలి. కానివాడి సరుకు ఎవరైనా ఎక్కించబోతే ఫోను ఇలా అడ్డుపడుతుంది.

"అయితే ఇచ్చెయ్యరా. దొంగతనమా దోపిడీయా?"

"ఇవ్వలేక కాదు పిన్నీ. ఇంట్లోవాళ్ళకి ఏదో చేసిపెట్టడానికి కూడా ఎవరిదో అనుమతి కావాలా?"

అతని మాటలో న్యాయం ఉంది. అవతలివైపు న్యాయం ఎదుటి కొట్టులోనే కూర్చుని ఉంది. కొన్ని నెలల కిందట గుండీల కొట్టాయనకు పార్శిలు ఆగిపోయిందని ఒక సందేశం, వెంటనే ఎవరో అమ్మాయి తీయని గొంతు. ఆమె చెప్పినచోటల్లా నొక్కి ఏదో యాప్ ఎక్కించుకున్నాడు. తెల్లవారేసరికి అదే సందేశం అతని పేరుతో ఊళ్ళో తెలిసినవారందరికీ చేరింది. పిల్లల ఫొటోలు సహా ఫోను మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడీ గొడవ విని అతను కొట్టు వదిలి ఇటు వచ్చాడు.

"నన్ను ఈ ఒక్క ప్రశ్న అడిగుంటేనా పిన్నీ, నేనూ అవుననే నొక్కేవాణ్ణి. బతికిపోయేవాణ్ణి."

"నువ్వు నొక్కవు," అన్నాడు కండక్టరు. "ఆ గొంతుకి నువ్వు కొట్టు తాళాలైనా తీసి ఇచ్చేవాడివి."

దొంగనూ అల్లుణ్ణీ ఒకే గుమ్మంలో ఆపే కాపలావాడి వల్ల ఇల్లు భద్రంగానే ఉంటుంది. అల్లుడు అలుగుతాడు, అంతే. అలకను తీసిపారేయడానికి వీలులేదు, కాపలాను తీసిపారేయడానికీ వీలులేదు. అయితే ఈ విచారణ ముగిసేదాకా కోటు ఆగదు. పని ఇప్పుడే మొదలుపెట్టకపోతే రేపటికి కాదు.

ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. బయట గాలికి ఎవరివో దుప్పట్లు తీగ మీద మెల్లగా ఉబ్బుతూ, వాలుతూ ఉన్నాయి. ఒక కన్ను మూసింది. కోటు తెల్లవారుజామున విచ్చిన పువ్వులా, కొంచెం ఊదాగా కనిపించింది. ఆ కంటికి సరిపోయే దారం తీసి ఒడిలో పెట్టుకుంది. కన్ను మార్చింది. కోటు చల్లారుతున్న నిప్పులా ఇటుకరంగుకు తిరిగింది. దానికీ ఒక దారం తీసింది. రెండు దారాలూ చాలాసేపు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి, ఒకే మనిషి ఉదయమూ సాయంత్రమూ లాగా. ఇన్నేళ్ళుగా తాను చూసిన రంగులలో ఎన్ని నిజంగా బట్టవి, ఎన్ని తన కంటివి అనే ఆలోచన వచ్చి, ఆ ఆలోచనలోనే ఆమె సూదిలోకి దారం ఎక్కించింది.

పడుగుకు పొద్దుటి కంటి దారం. పేకకు సాయంత్రపు కంటి దారం.

మరునాడు మధ్యాహ్నానికి ఆఖరి పోగు లోపలికి పోయింది. ఆ వేళకే ఫోను తలుపు తెరుచుకుని, నిన్నటి ప్రశ్నే మళ్ళీ అడిగింది.

"కాదని నొక్కు, కాదని," అన్నాడు భర్త.

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. "ఏమండీ, మీరు కాసేపు బయటికి వెళ్ళండి."

"ఎందుకు?"

"మీరిక్కడ ఉంటే చెప్పేవాడు ఉన్నట్టే."

"ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను దింపేసినవాళ్ళే గాని, నన్ను దింపేసినవాళ్ళు లేరే," అని గొణుక్కుంటూ ఆయన వీధిలోకి దిగాడు. అప్పుడామె 'కాదు' నొక్కింది. యాప్ ఎక్కింది.

కోటు ముందే ఉంది. పట్టి చూడకుండా ఇచ్చెయ్యవచ్చు. చూస్తే తీర్పు వినక తప్పదు. ఆమె కెమెరాను ముందు కోటు వీపు మీద, తరువాత రఫూ చేసిన చోట నిలిపింది.

"పసుపు వైపు," అంది అక్క కొడుకు గొంతు. "కొంచెం."

విప్పి మళ్ళీ అల్లడానికి వ్యవధి లేదు. ఆమె ఫోను ఇంట్లోనే వదిలి, కోటు మడిచి చేతిమీద వేసుకుని హాలుకు నడిచింది. కిటికీల తెరలు దించి ఉన్నాయి. పైన పాతకాలపు దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి. ఆ వెలుగులో ఇత్తడి బాకాలూ, మనుషుల ముఖాలూ, ఖాళీ కుర్చీలూ అన్నీ ఒకే తేనెలో మునిగినట్టున్నాయి. ఎవరో శ్రుతి చూసుకుంటూ ఒకే స్వరం మీద ఆగిపోయారు. మాస్టారు కోటు తొడుక్కుని జనం కూర్చునే వైపు వీపు తిప్పాడు.

ఆమె ఒక కన్ను మూసింది. తరువాత రెండవది. ఆ దీపాల కింద మొదటిసారిగా రెండు కళ్ళూ ఒకే మాట చెప్పాయి.

"ఒరేయ్, బొక్క ఎక్కడుందో చెప్పు," అన్నాడు మాస్టారు బాకా వాయించేవాడితో. అతను దగ్గరికొచ్చి, పరీక్షగా చూసి, ఎడమభుజం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడేనామ్మా?"

రఫూ చేసినవారు ఆ చోటును వేలితో చూపించరు. ఒకసారి చూపిస్తే ఆ మనిషి కన్ను బతికున్నంతకాలం అక్కడికే పోతుంది.

"అది చెప్పకూడదు నాయనా," అంది ఆమె. "మాస్టారూ, మీకు మాత్రం ఒక మాట చెప్పాలి. ఈ దీపాలకి కలిసింది. ఎండలో కొంచెం పసుపు తేలుతుంది. ఎండలోకి వెళితే వీపు కనిపించనివ్వకండి."

మాస్టారు కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"ఎండలో వాయించే రోజులు అయిపోయాయమ్మా," అన్నాడు. "మీరు ముందు వరసలో కూర్చోండి."