తోపుడు బండికి పన్నెండు వోల్టులు

పాలకుర్తి దగ్గర మా అక్కను ఇచ్చిన ఊళ్లో, విఘ్నాలు తొలగించే దేవుడు ఏటా చెరువుకు వెళ్లేది విఘ్నం తప్ప మరో పని చేతకాని ఒక లారీ మీద. మా బావ వాళ్ల తాత కొన్న బండి అది. పొడుగు ముక్కు, పెట్రోలు ఇంజన్. ఒకప్పుడు వడ్లూ పత్తీ మోసింది. ఇప్పుడు ఏడాదికి ఒక్కరోజు వినాయకుణ్ణి మోస్తుంది. మిగతా రోజుల్లో దాని కింద కోళ్లు గుడ్లు పెడతాయి. రెండిట్లో కోళ్ల వ్యవహారమే నమ్మకంగా సాగుతుంది.

దాని జబ్బు ఆరు వోల్టులు. ఆ కాలపు బండ్లకు అంతే కరెంటు. ఇప్పుడు చిన్న కారుకైనా పన్నెండు ఉండాల్సిందే. ఆరు వోల్టుల బ్యాటరీ కావాలని జనగామలో అడిగితే, ‘‘పిల్లలు ఆడుకునే కారుకా అన్నా?’’ అనేవాళ్లు. లైట్లు వేస్తే, వెలిగాయో లేదో చూడటానికి టార్చి కావలసి వచ్చేది. సెల్ఫ్ కొడితే ఇంజన్ ఒక మూలుగు మూలిగి ఊరుకునేది.

అందుకని నిమజ్జనం నాడు మగవాళ్లంతా వెనక చేరి తోసేవాళ్లు. ఎవరి చోటు వాళ్లది, తండ్రి తర్వాత కొడుకుది. ఎడమ మూల బావ పక్కింటి పెద్దాయనది. మోకాళ్లు పోయి చాలా ఏళ్లయింది. ఆయన తోస్తున్నాడో, పడకుండా పట్టుకున్నాడో చెప్పడం కష్టం. అయినా ఆ మూల ఇంకెవరైనా చెయ్యి వేస్తే తిట్లు వినాలి.

లారీకి ఊరు పెట్టిన పేరు తోపుడు బండి. బావ ముందు ఎవరూ అనరు, ఆయన చెవిన పడేలా మాత్రం అంటారు.

ఈసారి వినాయకుడి కమిటీ కుర్రాళ్లు ఇంటికొచ్చారు. కమిటీ పెద్ద మాటల్లో మర్యాదకు లోటు లేదు. ‘‘పెద్దబాపూ, ఈయేడు ట్రాక్టరు మాట్లాడినం. దేవుణ్ణి ఎక్కిచ్చి లారీని ఎంతకాలమని తోస్తం?’’

బావ మొహం మాడిపోయింది. ‘‘నొక్కంగనే స్టార్ట్ అయితే?’’

‘‘ఒక్కపాలి నొక్కాలె. అయితే నీ లారీ. కాకపోతే మా ట్రాక్టరు.’’

అక్క లోపల్నుంచి, ‘‘గాయిననే నాలుగుసార్లు పిలిస్తే గని లేవడు. బండి ఒక్కసారికే లేస్తదా?’’ అంది.

అలా మొదలైంది మా తిరుగుడు. బావ బండి నడుపుతాడు గానీ దుకాణం వాడితో మాట్లాడలేడు. నేను పత్రికలో పనిచేసినవాణ్ణి కాబట్టి మాట్లాడటం తప్ప ఏమీ రాదు. జనగామ నుంచి తెచ్చిన ఎలక్ట్రీషియన్ బోనెట్ ఎత్తి చూసి నవ్వాడు.

‘‘కాకా, గీ బండిల ప్లస్సు తీస్కపోయి బాడీకి కట్టిండ్రు. ఇప్పటి బండ్లకు మైనస్ ఉంటది. గిది ఉల్టా సంసారం.’’

‘‘మా తాత గట్లనే నడిపిండు.’’

‘‘తాత నడిపిండు. నువ్వు తోపిస్తున్నవ్.’’

బ్యాటరీ ఒక్కటీ మారిస్తే చాలదట. కాయిల్ మారాలి, ప్రతి బల్బూ మారాలి, డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాలి. ఆల్టర్నేటర్ భూపాలపల్లిలో పాతసామాన్ల దుకాణంలో దొరికింది, ఏదో జీపుది. ఆ లైటు గుంతల్లో పట్టే బల్బుల కోసం మహబూబాబాద్ దాకా వెళ్లాం. మూడు జిల్లాలూ తిరిగాం. ఎన్నికలప్పుడు కూడా నేను అంత శ్రద్ధగా తిరగలేదు.

సెల్ఫ్ మోటారు మాత్రం పాతదే ఉంచాడు ఎలక్ట్రీషియన్. ‘‘రెట్టింపు కరెంటు వస్తది, ముసలోడు ఎగిరి గంతేస్తడు. గని వత్తి పట్టుకోకు, కాలిపోతది.’’

పెట్రోలు ఎంతుందో చూపే ముల్లును అందరం మరచిపోయాం. పన్నెండు వోల్టులు తగలగానే అది నిండు గీత దాటి పక్కకు ఒరిగి ఉండిపోయింది. ట్యాంకులో అడుగంటినా అదే లెక్క.

‘‘ఉండనియ్ బావా,’’ అన్నాను.

‘‘ఉండనీ,’’ అన్నాడాయన. ‘‘ఇంట్ల ఏదన్న ఒకటి నిండుగ కనబడాలె కద.’’

నిమజ్జనం రోజు మధ్యాహ్నం వినాయకుణ్ణి లారీ ఎక్కించారు. కమిటీ వాళ్ల ట్రాక్టరు పక్కనే ఉంది, ఇంజన్ ఆపకుండా. మగవాళ్లు ఎవరూ చెప్పకుండానే వెనక తమ తమ చోట్లలో చేరారు. ఎడమ మూల పెద్దాయన అంగీ చేతులు మడిచి సిద్ధంగా ఉన్నాడు. బావ దండం పెట్టుకుని నొక్కాడు.

వేలు తీసేలోపు ఇంజన్ అందుకుంది. బావ లైట్లు వేస్తే పట్టపగలే భగ్గుమన్నాయి.

నేను ప్రారంభోత్సవాలు చాలా చూశాను. మంత్రి మీట నొక్కితే చప్పట్లు ముందు మొదలవుతాయి, యంత్రం తర్వాత. ఇక్కడ యంత్రం మొదలైంది, చప్పట్లు రాలేదు. బావ అద్దంలో చూశాడు. వెనక అందరి చేతులూ చెక్క మీద అలాగే ఉన్నాయి.

‘‘గెలిచినవ్ పెద్దబాపూ, పోనియ్,’’ అన్నాడు కమిటీ పెద్ద.

బావ కొంచెం ముందుకు పోనిచ్చాడు. ఆనుకున్న పెద్దాయన తూలిపోతే పక్కవాళ్లు పట్టుకున్నారు. ఆయన చేతులు దులుపుకున్నాడు.

‘‘అయిపాయె. బండికి కరెంటు వచ్చె, దేవుడు తనంతట తనే పోవట్టె. ఇగ మేమెందుకు? పోయి పండుకుంటం.’’

ఆయన వెనక్కి తిరిగాడు. ఇంకొకరు కండువా భుజాన వేసుకున్నారు. ఆడవాళ్లు పాట ఆపి చూస్తున్నారు. వీళ్లకు చెరువు దాకా నడిచి రావడానికి కారణం పోయిందని అప్పుడు తట్టింది నాకు. బావకు నాకంటే ముందే తట్టినట్టుంది. బ్రేకు వేశాడు. అందరూ చూస్తుండగానే తాళం తిప్పి ఇంజన్ ఆపాడు.

తల బయటికి పెట్టి, ఏ భావమూ లేని మొహంతో, ‘‘సెల్ఫ్ పడ్తలేదు. జర తోయుండ్రి,’’ అన్నాడు.

‘‘ఇప్పుడే పడ్డది గద!’’ అన్నాడు కమిటీ పెద్ద.

‘‘మల్ల నొక్కితే కాలిపోతదంట. జనగామాయన చెప్పిండు.’’

అక్క నా పక్కకొచ్చి, ‘‘తమ్మీ, మూడు జిల్లాలు తిరిగి తెచ్చింది గిందుకేనా?’’ అంది. కొంగుతో నోరు మూసుకుని నవ్వుతోంది.

పెద్దాయన అప్పటికే తన మూలకు చేరుకున్నాడు. ఆ మోకాళ్లతో అంత వేగంగా ఎలా వచ్చాడో తెలియదు. ‘‘నేను ముందుగాల్నే చెప్పిన,’’ అన్నాడు పరమానందంగా. ‘‘గిది తోపుడు బండి. దీనికి ఎన్ని వోల్టులు పెట్టినా గంతే.’’

ఆ పేరు బావ మొహం మీదే అనడం అదే మొదటిసారి. బావ గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టి, అద్దంలో చూస్తూ, ‘‘ఎడమదిక్కు సప్పగ తోస్తున్నరేందే?’’ అని అరిచాడు.