సుద్ద పట్టిన నీలం

నా చిన్నప్పుడు పుంగనూరులో మా వీధిగోడకు మా అవ్వ నీలం పూసేది. సున్నంలో నీలిమందు కలపడం అందరూ చేసే పనే. అయితే మా అవ్వ అంగడి నీలి ముట్టదు. చేను గట్టు మీది నీలిచెట్ల ఆకు నానబెట్టి, చిలికి, తానే తీసేది. ఆ ఏడు పెద్దవాన ఒకటి పడి ఆ నీలమంతా కాలవలో పారింది. ఎదురుగా ఉన్న రంగుల అంగడాయన పగలబడి నవ్వాడు.

"అవ్వా, నీ గోడ కంటే కాలవే బాగుండాది సూడు! ఆకులూ అలములూ యాడన్నా నిలస్తాయా?"

అవ్వ కాలవ దాకా నడిచింది. కాలవ గట్టున సుద్దమన్ను పెళ్ల ఒకటి నీళ్లలో నానుతున్నా నీలంగానే ఉండడం చూసింది. మరునాడే సుద్దమన్ను తెచ్చి, నీలితో కలిపి నూరింది. ముసురుకు ఎండ లేదు గనుక పెనం మీద ఆరబెట్టింది. నేను ఆత్రంగా కట్టె ఎగదోస్తే చేయి మీద ఒకటేసింది. "సన్నమంటరా! మాడితే ఇంగేముంది?"

ఆ పొడిని సున్నంలో కలిపి పూసింది. ఎన్ని వానలు పడినా గోడ చెక్కుచెదరలేదు. అప్పుడా అంగడాయన ఏం చేశాడనుకున్నారు? "ఆ రంగు మా అంగట్లోదే" అని ఊరంతా చెప్పుకుని అమ్ముకున్నాడు! నాకు ఒళ్లు మండి రాయి తీశాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఉత్త నీలి వాన్లో పాయ గదా నాయనా. ఉత్త కోపమూ అంతే. మన్నులో కలుపుకో, సన్నమంట మీద పెట్టుకో. నిలస్తాది."

మన్ను పొరల్లో ఇరుక్కున్న రంగు ఎండకూ వానకూ అంత సులువుగా చిక్కదని చాలా ఏళ్లకు నా అంతట నేనే ఒక పుస్తకంలో చదువుకున్నాను. తొంభైల్లో రోడ్డు వెడల్పు చేస్తామని ఆ గోడ పడగొట్టారు. నేను ఒక పెళ్ల ఏరుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక మదనపల్లెలో ఒక అంగట్లో చెట్ల రంగులు అడిగితే, కుర్రవాడు నవ్వాడు. "అవి నిలవవు తాతా." అదే మాట, అదే నవ్వు! సంచిలోంచి పెళ్ల తీసి బల్ల మీద పెట్టాను. "చెంబుడు నీళ్లు తీసుకురాప్పా. నువ్వే రుద్దు" అన్నాను. చేతులు నొప్పిపుట్టేదాకా తడిగుడ్డతో రుద్దాడు. గుడ్డకు రవ్వంత నీలం కూడా అంటలేదు.

ఆ పెళ్ల ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. అవ్వ మాట ప్రకారం సన్నమంట మీద పెట్టుకున్న కోపం కూడా నాతోనే ఉంది. రెండూ వెలిసిపోలేదు.