ఇంటిబండి ముక్కున కుంకుమ

అమలాపురంలో వాహనాల సర్వేయరుగా అది నా చివరి ఏడాది. శ్రావణమాసం, మొదటి శుక్రవారం. కొత్తపేటలో ఒక కొత్త కేరవాన్ ట్రైలరును తనిఖీ చేసి, పుచ్చుకోవచ్చో లేదో తేల్చే పని నాకు అప్పగించారు. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇంటిబండి అది. లోపల రెండు మంచాలు, పొయ్యి, సింకు. దుబాయిలో పదిహేనేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చిన సత్యనారాయణ గారు యాత్రికులకు అద్దెకిద్దామని తెప్పించుకున్నారు. మర్నాడు శనివారమే మొదటి బేరం: ఒక కుటుంబాన్ని కారులో ఎక్కించుకుని, బండిని వెనక కట్టుకుని, ఏటిగట్టు మీదుగా వాడపల్లి వెళ్ళాలి.

సర్వేయరు డెలివరీ నోటు మీద సంతకం పెట్టేదాకా లోపాలన్నీ కంపెనీవి, పెట్టాక కొన్నవాడివి. 

ఆ రోజు బండి ముక్కున, అంటే కారుకు తగిలించే ఇనుపకడ్డీ అతుకులో, వెంట్రుకంత పగులు పట్టుకున్నాను. వర్క్‌షాపుల్లో ఎర్రరంగు పూసి, తుడిచి, పగుల్లో మిగిలిన గీతను చూస్తారు. ఆ పరీక్షను నేను కుంకుమతో చేశానని చాలామందికి చెప్పుకున్నాను. సర్వేయర్ల సమావేశంలో చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

కొట్టినవాళ్ళు ముగ్గురే. మిగతాదీ చెప్పేస్తాను.

పద్ధతి ప్రకారం తనిఖీ ముక్కుతో మొదలవ్వాలి. నేను వెళ్ళేసరికి సత్యనారాయణ గారి భార్య మంగతాయారు గారు పళ్ళెంతో నిలబడి ఉన్నారు.

"వర్జ్యం వచ్చేస్తోందండి. ముందు పూజ కానివ్వండి, మీ తనిఖీ ఎక్కడికి పోద్దండి?"

"ఆయ్, కానివ్వండమ్మా," అన్నాను.

కొబ్బరికాయ పగిలింది, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, ముక్కుకు పసుపూ తడికుంకుమా దట్టంగా పట్టించారు. నేను టైర్లు, బ్రేకులు, లైట్లు చూశాను. కప్పు మీద గొట్టంతో అరగంట నీళ్ళు పోయించి, తలుపులు మూసుకుని లోపల కూర్చున్నాను, చుక్క పడలేదు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి, ఆవిడ చూస్తుండగా బొట్టు చెరపడానికి చెయ్యి రాలేదు. 'అతుకులు: సరి' అని టిక్కు పెట్టి సంతకం చేసేశాను. బండి అప్పగించడానికి వచ్చిన కంపెనీ మనిషి కాగితం సంచీలో పెట్టుకున్నాడు.

కప్పు మీంచి జారిన నీళ్ళకు ముక్కు మీది కుంకుమ కరిగి తెల్లరంగు మీదికి కారింది. మంగతాయారు గారు తడిగుడ్డతో తుడుస్తూ పిలిచారు.

"సర్వేయరు గారూ, అంతా పోయింది గానీ ఈ గీత పోవట్లేదేంటండి?"

అతుకు దగ్గర వంగి చూసి, గోటితో తడిమాను. గోరు తగులుకుంది. గట్టు మలుపులో ఆ కడ్డీ విరిగితే, బండి విడిపోయి ఎదురొచ్చేవాళ్ళ మీదికి పోతుంది. వెనక కంపెనీ మనిషి బైకు స్టార్టయిన చప్పుడు.

"ఏవండోయ్, తేదీ తప్పు వేశాను, కాగితం ఓసారి ఇలా ఇవ్వండి!"

తేదీ సరిగ్గానే ఉంది. కాగితం చేతికి రాగానే సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, 'తిరస్కరించడమైనది' అని రాశాను.

"ఇదేంటండి, ఇప్పుడేగా బాగుందని రాసేరు?" అన్నాడతను.

"అప్పుడు చూడలేదండి," అన్నాను.

ఉద్యోగంలో నేను చెప్పిన అతి చిన్న నిజం అదే.

బండి వెనక్కి వెళ్ళింది. మొదటి బేరం పోయిందని సత్యనారాయణ గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను చేత్తో తాకని భాగానికి టిక్కు పెట్టలేదు. పూజ అయిపోయిన బండి అయితే, పెన్ను తీసేముందు తడిగుడ్డ అడిగేవాణ్ణి.