తెర అవతలి జవాబు

పందొమ్మిదివందల యాభైల నాటి మాట. మాది చోడవరం. పెళ్లయిన మరుసటేడు నుంచే నాకు పొత్తికడుపులో నొప్పి. కూర్చున్నా నొప్పే, చెరుకు తోటకి అన్నం పట్టుకెళ్లినా నొప్పే. మా అత్తగారు నన్ను బస్సులో అనకాపల్లి లేడీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేవారు. పెద్దవాళ్లుండగా కోడలు నోరు విప్పకూడదు కాబట్టి, డాక్టరమ్మ ఏది అడిగినా జవాబు అత్తగారిదే.

ఆ రోజు తెర వెనక బల్ల మీద పడుకోబెట్టి లోపల పరీక్ష చేస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, లేదమ్మా. మా కోడలికి ఓర్పెక్కువ. మీరు సూడండి" అన్నారు అత్తగారు, తెర అవతల నుంచి.

డాక్టరమ్మ ఇంకాస్త గట్టిగా నొక్కింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకుని అరిచేశాను.

"నొప్పి నాదండీ! సచ్చిపోతన్నాను, నన్నడగండి!"

ఆవిడ చెయ్యి తీసేసి విసుక్కుంది. "మరి ముందే చెప్పొచ్చు కదా?"

నొప్పి కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ ఒళ్లు మండింది. "పరువు తీసేసేవు" అంటూ అత్తగారు దారంతా సాధించారు.

ఆ నొప్పేమిటో ఎవరూ తేల్చలేదు, అది నన్ను వదలనూ లేదు. కానీ ఆ తర్వాత ఏ బల్ల ఎక్కినా, తెర అవతల ఎవరున్నా, ముందు నేనే చెబుతున్నాను.

"ఉందండీ. ఆపండి."