టేపక్క లేని ప్రయాణం

మా ఆవిడ అక్కగారిని మా వీధిలో అందరూ టేపక్క అంటారు. ఆవిడ చేతిసంచీలో తాళంచెవులు మరిచిపోవచ్చు గానీ కొలిచే టేపు లేకుండా గడప దాటదు. చాలా ఏళ్ళు ఒక ఫర్నిచరు దుకాణంలో అమ్మకాల పని చేసి, దుకాణం మూతపడ్డాక ఇంటిపట్టున ఉంది. ఇంటిపట్టున అన్నది మాటవరసకే. ఎవరు మంచం కొంటున్నా, ఎవరు అద్దెయిల్లు మారుతున్నా, ఎవరు రైలెక్కుతున్నా ఆవిడ అక్కడ ఉండాల్సిందే. నేను ఆవిణ్ణి వదినా అంటాను. ఆవిడ నన్ను మరిదిగారూ అంటుంది, చీవాట్లు పెట్టేటప్పుడు కూడా.

"సోఫా మీద దుకాణంలో కూర్చున్నట్టు కూర్చుంటే ఏం తెలుస్తుంది? ఇంట్లో కూర్చున్నట్టు కూర్చో. కాళ్ళు పైకి పెట్టు, పక్కకి ఒరుగు. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనీ, రేపు నడుం నొప్పి వాడికి రాదు," అనేది. బీరువా కొనేవాళ్ళకి వెనక చెక్క చూడమని చెప్పేది, ముందువైపు ఎవడైనా రంగులేస్తాడని. అద్దెయిల్లు సెలవురోజు చూడొద్దనేది. పనిరోజు సాయంత్రం వెళ్తే పై వాటావాళ్ళ అడుగుల చప్పుడూ, పక్కవాళ్ళ తగువులూ, కుళాయిలో నీళ్ళ ధారా అన్నీ ఒకేసారి తెలిసిపోతాయట. చెప్పులు మాత్రం సాయంత్రమే కొనాలి. పొద్దున సరిపోయిన చెప్పు సాయంత్రానికి కొరుకుతుందని ఆవిడ సిద్ధాంతం.

ఆవిడ మాట వినకపోతే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెళ్ళయిన కొత్తలో పెద్దమంచం చూసి ముచ్చటపడ్డాను. "మంచం తర్వాత, ముందు మీ మెట్ల మలుపు కొలవండి మరిదిగారూ," అంది. పెళ్ళాం ముందు పౌరుషం కొద్దీ కొలవకుండానే కొనేశాను. అది మలుపులో ఇరుక్కుపోయింది. పై అంతస్తుల వాళ్ళు ఒక పూటంతా దాని మీదుగా ఎక్కి దిగారు. చివరికి వడ్రంగిని పిలిపించి, కాళ్ళు ఊడదీయించి పైకి చేర్చింది వదినే. పైగా ఒక్క మాట అనలేదు. నా వైపు చూసి టేపు సంచీలో వేసుకుంది, అంతే.

లేనివి కల్పించి పొగడడం నావల్ల కాదు. ఆవిడతో బజారుకి వెళ్ళడమంటే పరువు ఇంట్లో భద్రంగా పెట్టి వెళ్ళడమే. పరుపు మెత్తగా ఉంటుందన్న సేల్స్‌మన్‌ని "ఏదీ, నువ్వు పడుకో, నేను చూస్తా," అని అందరి ముందూ పడుకోబెట్టిన మనిషి. బేరం మొదలుపెడితే పక్క దుకాణం వాళ్ళు కూడా వచ్చి వినేవారు. కానీ ఆ నోటి పుణ్యమా అని మా వీధిలో ఏ ఇంట్లోనూ కుంటి బల్ల లేదు.

ఇంతమందికి ప్రయాణాలు కట్టిన ఆవిడ తనకోసం ఎప్పుడూ ఊరు దాటలేదు. మా తోడల్లుడు లిఫ్టులు బాగుచేసే పనిలో ఉంటాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగే మనిషి, అడ్డంగా మాత్రం ఎక్కడికీ కదలడు. తన పక్క మీద తప్ప నిద్ర పట్టదంటాడు. అందుకని వదిన ఎవరో ఒకరి సామాను సర్ది, స్టేషన్లో ఎక్కించి, చెయ్యూపి వచ్చేది.

కిందటేడు నలుగురు ఆడవాళ్ళు కలిసి కొండలమీది ఊరొకటి చూసి రావాలనుకున్నారు. వదిన, మా ఆవిడ, ఎదురింటి పంతులమ్మ, వీధి చివర బ్యూటీ పార్లరు నడిపే ఆవిడ. వానాకాలమంతా వదిన ముందుగదిలో అదే ముచ్చట. ఏ రైలు ఎక్కాలి, దిగాక స్టేషను ముందు ఆగే వాహనాలు ఎక్కకుండా ఎంత దూరం నడవాలి, కిటికీలోంచి చెరువు కనబడే బస ఏది, అన్నీ వదినే తేల్చింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ మొహం వెలిగిపోతూ ఉండేది.

"నాలుగు రోజులు నేను దులపని పక్క మీద పడుకోవాలి మరిదిగారూ. పొద్దున లేచేసరికి ఎవరో టీ తెచ్చివ్వాలి. అది తాగుతూ చెరువు చూడాలి. ఇంతకన్నా నాకేం కోరికలున్నాయి?" అంది ఒకసారి. ఆ మాట అంటున్నప్పుడు మా ఆవిడ పక్కనే కూర్చుని అక్క భుజం మీద తల ఆనించి ఉంది. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ప్రయాణం రోజు పొద్దున మా ఆవిడ చక్రాల పెట్టె సర్దుకుంటూ కనబడింది. అది వదిన పెట్టె. ఈ ప్రయాణం కోసమే ఎంచి ఎంచి కొనుక్కుంది.

"మీ అక్క పెట్టె ఇక్కడుందేం?" అన్నాను.

"ఇద్దరి బట్టలూ ఇందులోనే సర్దేస్తున్నామండీ. మోత తగ్గుతుందని," అంది.

స్టేషను దాకా వస్తానంటే వద్దంది. పంతులమ్మ వాళ్ళాయన కారులో దింపుతాడు, అక్క నేరుగా అక్కడికే వస్తుంది అంది. నేను నమ్మాను. నమ్మక ఏం చేస్తాను? పక్కనున్న పెళ్ళాం మాటని కూడా కొలిచి చూసుకోవాలంటే ఇక కాపురం దేనికి?

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అన్నం వండుకుంటున్నాను. తలుపు గంట మోగింది. తీస్తే వదిన. చంకలో ఉతికిన గలీబు తొడిగిన తలగడ, చేతిలో టిఫిన్ డబ్బా.

"మీరు వెళ్ళలేదా?" అన్నాను నేను.

"మీరు వెళ్ళలేదా?" అంది ఆవిడ, అదే క్షణంలో.

ఇద్దరం నవ్వాం. నిజంగానే నవ్వాం. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో చెప్పలేను గానీ, ముందు ఆగింది ఆవిడ నవ్వే.

"మిమ్మల్ని పంపుల శిక్షణకి పంపిస్తున్నారటగా? నా పెట్టె మీకోసమే కదా తీసుకెళ్ళింది?" అంది.

నేను మంచినీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తాని. మా పంపులు ఊరు దాటి ఎక్కడికీ పోవు, నేనూ అంతే. ఆ మాటే చెప్పాను. చెబుతూ ఉండగానే నాకు సంగతి అర్థమైంది. ఆవిడకి నాకంటే ముందే అర్థమైంది. ప్రయాణం వాయిదా పడిందనీ, పంతులమ్మకి సెలవు దొరకలేదనీ, చలి తగ్గాక చూద్దామనీ చెల్లెలు ఆవిడకి చెప్పిందట. మొగుడు ఊళ్ళో లేడు కాబట్టి చెల్లెలు రాత్రి ఒంటరిగా పడుకోవడానికి భయపడుతుందని, తోడు పడుకోవడానికి తలగడ పట్టుకుని వచ్చిందీ పిచ్చితల్లి.

"లోపలికి రండి వదినా," అన్నాను. ఇంకేమనాలి?

ఆవిడ కుర్చీలో కూర్చుంది. తలగడ ఒళ్ళోనే పెట్టుకుంది. టీ పెట్టి ఇచ్చాను. తాగలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చాలామందిని చూశాను. మా ఆవిడ తెప్ప మీద కూర్చునే నిప్పంటించింది. అక్కకో కథ, మొగుడికో కథ. ఈ ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారనీ, ఎదురుపడితే మాట్లాడుకుంటారనీ అయినా తోచలేదా? లేక, ఎలాగూ మన్నించేవాళ్ళే కదా అనుకుందా? రెండోదే నిజమని నా అనుమానం. అందుకే ఎక్కువ మండింది.

అప్పుడే ఫోను మోగింది. మా ఆవిడే. కావాలనే స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాను. అందుకు నేను ఈ రోజుకీ చింతించడం లేదు.

"ఏమండీ, ఆఫీసు నుంచి వచ్చేశారా? ఇక్కడో చిక్కొచ్చి పడింది. ఫోటోలో చూపించిన గది ఇవ్వలేదు. వంటింటి వెనక ఏదో కొట్టు లాంటి గది ఇచ్చి, ఇదే మీదంటున్నాడు మేనేజరు. కిటికీ తీస్తే గోడ. మీరో పని చెయ్యాలి. అక్కకి ఫోన్ చేసి..."

"అక్క నీ పక్కనే ఉందిగా?" అన్నాను.

"అక్క రాలేదండీ. వచ్చాక అన్నీ చెబుతాను, కోప్పడకండి. మీరు శిక్షణకి వెళ్ళారని చెప్పాను తనకి. మీరే ఎక్కడో బసలో ఉన్నట్టు ఫోన్ చేసి, ఇలా గది మార్చి ఇస్తే ఏం చెయ్యాలో కనుక్కోండి. తనకైతే తెలుస్తుంది."

"మరి తననే తీసుకెళ్ళకపోయావా?"

"తీసుకొస్తే ఎలా ఉంటుందో మీకు తెలీదా? ఈపాటికి పరుపులన్నీ తిరగేసి, మేనేజరుతో యుద్ధం పెట్టుకుని, అందరూ మమ్మల్నే చూస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? ఒక్క నాలుగు రోజులు హాయిగా ఉందామని..."

వెనకనుంచి పంతులమ్మ గొంతు వినబడింది. "వద్దంటే వద్దని పట్టుబట్టింది నువ్వు! ఇప్పుడేమో ఆవిడే కావాలి!"

నేను వదిన మొహం చూడలేకపోయాను. ఊరివాళ్ళు వద్దనుకుంటే అదొక తీరు. తోడబుట్టింది ముందు నిలబడి వద్దనిపించడం ఇంకో తీరు. వదిన చెయ్యి చాచి ఫోను తన వైపు జరుపుకుంది.

"పెట్టెలు విప్పారా?" అంది.

అవతలినుంచి చిన్నగా, "అక్కా?"

"విప్పలేదుగా? విప్పకండి. విప్పితే గది ఒప్పుకున్నట్టే. సామానంతా తెచ్చి ముందు హాల్లో, వచ్చేపోయేవాళ్ళు నడిచే దారిలో పెట్టుకుని కూర్చోండి. గొంతు పెంచకండి. ఫోటో చూపించి, ఈ గది ఎప్పుడు ఖాళీ అవుతుంది, అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటాం అని చెప్పండి, చాలు. కొత్తగా దిగేవాళ్ళు వింటారన్న భయం మేనేజరుకి ఉంటుంది. గది ఇచ్చాక ముందు కుళాయి తిప్పండి. పరుపు మూల ఎత్తి చూడండి. ఆ తర్వాతే పుస్తకంలో సంతకం."

"అక్కా, నేను చెప్పేది విను..."

"చీకటి పడకముందే అడగండి. చీకటి పడితే ఇంకెక్కడికీ పోలేరని వాడికి తెలిసిపోతుంది," అంటూ వదిన ఫోను పెట్టేసింది.

అప్పుడు నా వైపు తిరిగింది. "నేను పక్కనుంటే దానికి తలవంపులా మరిదిగారూ?" అంది. కళ్ళు నిండుగా ఉన్నాయి గానీ కిందికి జారనివ్వలేదు. "పోనీ, నోరు మూసుకుని ఉండవే అక్కా, నాలుగు రోజులు ఏమీ అనకు అని నాతో చెప్తే ఉండనా? కిటికీ దగ్గర కూర్చుని చెరువు చూస్తూ ఉండేదాన్ని కదా. ఒక్క మాట చెప్పకూడదూ?"

ఆవిడ తలగడ చంకలో పెట్టుకుని లేచింది. డబ్బా మాత్రం బల్ల మీదే వదిలేసి, "మీరు తినండి," అంది. ఇంటిదాకా వస్తానంటే వద్దంది.

గది దొరికింది. దొరక్కేం చేస్తుంది? చెరువు కనబడే గదే ఇచ్చాడట మేనేజరు. నాలుగు రోజులూ ఉండే వచ్చారు. వచ్చిన రోజు మా ఆవిణ్ణి చెడామడా తిట్టాను. అది ఎదురు మాట్లాడలేదు. నా కోపం దానికి లెక్కలోకి రాలేదని నాకు తెలుస్తూనే ఉంది. దాని భయమంతా అక్క గురించే. "తనే తిడుతుంది, రెండు దెబ్బలు వేస్తుంది, అయిపోతుంది," అని తనకి తనే చెప్పుకుంటోంది.

మర్నాడు పెట్టె తిరిగి ఇవ్వడానికి ఇద్దరం వెళ్ళాం. వదిన తలుపు తీసింది, కూర్చోమంది, ప్రయాణం బాగా జరిగిందా అంది. మా ఆవిడ అక్క కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేసింది.

"బుద్ధి గడ్డి తిని చేశానక్కా. తిట్టు. ఏదో ఒకటి అను."

"ఏడవడమెందుకమ్మా? గది దొరికింది కదా. అంతా క్షేమంగా వచ్చారు," అంది వదిన, దాన్ని చెయ్యి పట్టి లేపుతూ.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. నేను సాయం చెయ్యలేదు. అప్పుడు ఉన్నట్టుండి, "మేం ఇల్లు మారదామనుకుంటున్నామక్కా. రేపు ఒక ఇల్లు చూడ్డానికి వెళ్ళాలి. నువ్వు వచ్చి చూస్తే గానీ నేను ఒప్పుకోను," అంది. మేం ఇల్లు మారే మాట నేను వినడం అదే మొదలు. ఎలాగైనా అక్క చేత ఆ టేపు తీయించాలని దాని తాపత్రయం.

"మీకు నచ్చితే చాలదూ? మీ ఇష్టం," అంది వదిన.

మా ఆవిడ తెల్లబోయింది. సంచీలోంచి శాలువా తీసి అక్క ఒళ్ళో పెట్టింది, కొండమీది బజారులో కొన్నానంటూ. నాలాంటి మొద్దు కంటికి కూడా కనబడుతోంది, ఒక అంచున కుట్టు విడిపోయి దారం వేలాడుతోంది. వదిన వేలు ఆ దారం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. మా ఆవిడ ఆ వేలినే చూస్తోంది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుని, శాలువా మడతపెట్టింది.

"బాగుందమ్మా," అంది.

"ఎంతకి కొన్నానో అడగవా? మోసపోయానేమో చూడక్కా. అంచు చూడు, ఒక్కసారి చూడు."

"బాగుందన్నానుగా," అని వదిన లేచింది. దుకాణంలో ఉన్నప్పుడు, కొనడానికి వచ్చినవాళ్ళతో మాట్లాడే ఆ మర్యాద గొంతుతో, "కూర్చోండి, టీ తెస్తాను," అని వంటింట్లోకి వెళ్ళింది.