వెన్నకెక్కిన కారం

మోకాళ్లు అరిగాయని చేను కౌలుకిచ్చి, పొదిలిలో కొడుకు ఇంటికి వచ్చిన కొత్తల్లో నన్ను అందరూ తెగ సుఖపెట్టేవారు. కుర్చీ, టీవీ, వేళకు కాఫీ. మిరప తోటలో కూలీల మీద అరుస్తూ బతికినదాన్ని, మధ్యాహ్నం పూట సీరియల్లో ఎవరో ఏడుస్తుంటే చూస్తూ కూర్చోవాలి. ఒళ్లు మండిపోయేది. ఆ ఇంట్లో నాకంటూ ఒక పని కావాలి, అంతే.

పని ఉన్నది కోడలి దగ్గరే. వంటింట్లో ఓ మూల ఓవెన్ పెట్టుకుని, ఆర్డర్ల మీద పుట్టినరోజు కేకులు చేసి ఇస్తుంది. సాయం చేస్తానంటే "మీరు కూర్చోండి అత్తయ్యా" అనేది. ఆ మాట వింటే ఇంకా మండేది.

ఒకరోజు బతిమాలి కేకు పిండి గిన్నె చేతిలోకి తీసుకున్నాను. గారెల పిండిని ఎంత గిలక్కొడితే అంత గుల్లగా వస్తాయి కదా, అదే లెక్కన రెక్కలు నొప్పి పుట్టేదాకా గిలక్కొట్టాను. కేకు రబ్బరు చెప్పులా సాగింది. కోడలు దాన్ని పక్కకి పెట్టి, మళ్లీ కొత్తగా పిండి కలుపుకుంది. తిట్టినా అంత బాధేసేది కాదు.

"మైదా వేశాక ఊరికే కలిపి వదిలెయ్యాలి అత్తయ్యా. గుడ్డు నురగా, బేకింగ్ పౌడరూ అవే పొంగిస్తాయి" అంది తర్వాతెప్పుడో.

"మరి పేస్ట్రీకో?" అన్నాను. మా బజార్లో బేకరీవాళ్లు క్రీము పూసిన కేకు ముక్కనే పేస్ట్రీ అంటారు. రెండూ ఒకటేననుకున్నాను.

ఆమె నవ్వింది. "అదీ కేకేనండి. అసలు పేస్ట్రీ అంటే ఎగ్ పఫ్ కొరికితే పొరలు పొరలుగా రాలుతుందే, అది. వెన్న పెట్టి మడవడం, వత్తడం, మళ్లీ మడవడం. ఓవెన్లో తడి ఆవిరై ఆ పొరల్ని లేపుతుంది. నాకదే కుదరదు. వత్తుతుంటే వెన్న కరిగి బయటికొచ్చేస్తుంది."

"మడిచి వత్తడమేగా. మడత కాజాలు ఎన్ని చెయ్యలేదు నేను" అన్నాను.

కోడలు నా మొహంలోకి చూసి, "సరే. శనివారం ఒకావిడకి కేకూ, ఓ ట్రే జామ్ పఫ్‌లూ ఇవ్వాలి. పఫ్‌లు మీరు చెయ్యండి" అంది.

శనివారం పొద్దున్నే మా కౌలు రైతు పండు మిరపకాయలు పంపించాడు. చూస్తూ ఊరుకుంటానా? తొడిమలు తీసి, దంచి, ఉప్పూ చింతపండూ వేసి చేత్తో కలిపి జాడీకెత్తాను. సబ్బుతో ఎంత కడిగినా వేళ్లు భగభగమంటూనే ఉన్నాయి. మాకది మామూలే. పఫ్‌ల పనికి కూర్చునేసరికి కోడలు ఐసు నీళ్ల గిన్నె తెచ్చి, "చేతులు చల్లగా ఉంటే వెన్న కరగదు, కాసేపు ముంచండి" అంది. ముంచాను. మంట పోయింది. మంట పోతే కారమూ పోయినట్టేననుకున్నాం, ఇద్దరమూ.

మైదాలో వెన్న వేసి వేళ్లతో నలిపాను. మడిచాను, వత్తాను, ఫ్రిజ్‌లో పెట్టాను, తీసి మళ్లీ మడిచాను. నూనె రాసుకుంటే చేతుల్లోంచి దిగే కారం, వెన్న తగిలితే దిగదా? ఆ సంగతి ఆ పూట బుర్రకి తట్టలేదు.

ట్రే బయటికి తీశాక ఇల్లంతా కమ్మటి వాసన. తాను ఒకటి తిని చూడకుండా కోడలు ఏదీ పంపదు. కొరికి, బాగుందన్నట్టు తలాడించింది. ఆ తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అత్తయ్యా, జాములో ఏమైనా కలిపారా?"

నా చేతుల వంక చూసుకున్నాను. పొద్దున కలిపిన పండు మిరప కారం! ఆమె రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఆర్డరిచ్చినావిడకి ఫోన్ చేసి, పఫ్‌లు చెడిపోయాయండి, కేకు ఒక్కటే పంపుతాను అని చెప్పింది. ఆవిడ సరేనంది. నేను ముందు గదిలోకి పోయి టీవీ పెట్టుకున్నాను. ఇక నాకు ఆ కుర్చీయే ఖాయమనిపించింది.

సాయంత్రం కొడుకు ఎరువుల కొట్టు నుంచి వచ్చి, టీతో పాటు ఆ పఫ్‌లు వరసపెట్టి లాగించాడు. "అమ్మా, జామ్ బదులు ఉల్లిపాయ కూర పెట్టవే, బజార్లో కొట్టు పెట్టేద్దాం" అన్నాడు. వాడి వెక్కిరింపుకి నాకు నవ్వు రాలేదు. కోడలు మాత్రం ఒక పఫ్‌ని అడ్డంగా కోసి, కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి చూస్తోంది. లోపల పల్చటి పొరలు, ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి చేస్తున్నా నాకిలా ఒక్కసారీ రాలేదు" అంది, కాస్త ఉడుక్కుంటూ. ఆ ఉడుకుమోత్తనం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

కొన్నాళ్లకి ఎవరో పఫ్‌ల కోసం ఫోన్ చేశారు. "కేకులైతే నేను చేస్తానండి. పఫ్‌లు మా అత్తయ్యగారు చేస్తారు, ఆవిణ్ణి అడిగి చెప్పాలి" అని, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది కోడలు. "రేపటికి కావాలంట అత్తయ్యా. మీకు కుదురుతుందా?"

"రేపు కుదరదు, ఎల్లుండి ఇస్తానని చెప్పు" అన్నాను.

రేపు నాకు ఏ పనీ లేదు.