వార్డెనమ్మ వేయించిన తెల్ల రంగు

ఆఫీసులో ఆమెను అందరూ ఇంకోటమ్మ అనేవాళ్లు. ఏ గోడ ముందు నిలబడినా "ఉండండి, ఇంకోటి" అంటూ మరో ఫొటో తీయనిదే అక్కడినుంచి కదలదు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పాత భవనం మీద కొత్త అంతస్తు వేయాలన్నా, లోపల లిఫ్టు పెట్టాలన్నా, ముందు అక్కడున్నది ఉన్నట్టుగా కొలవాలి. ఆ కొలతలు ఆమె కెమెరాతో తీసేది. అడుగడుక్కీ ఒక ఫొటో, ఒకదానిలో ఉన్నది పక్కదానిలోనూ సగానికి పైగా పడేలా తీసుకుంటూ పోవాలి. వాటిలోని మరకల్నీ మూలల్నీ మేకుల గుర్తుల్నీ కంప్యూటరు పోల్చి చూసుకుని, మొత్తం భవనాన్ని పొడవు వెడల్పు ఎత్తులతో సహా తెరమీద నిలబెడుతుంది.

ఈ ముక్క చుట్టాలకు చెప్పి చెప్పి ఆమె నోరు పడిపోయింది. "ఫొటోలే కదే, మా అమ్మాయి పెళ్లికీ తీసిపెట్టరాదూ" అని పిన్ని అడిగింది. "మనుషులు అడ్డొస్తే నా పని చెడిపోతుంది పిన్నీ" అంటే, "అవునులే, ఇప్పుడు మేం నీకు అడ్డమే" అని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

అలాంటి రోజుల్లో ఒక హాస్టలు పని వచ్చింది. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లుండే పాత రెండంతస్తుల భవనం. పైన ఇంకో అంతస్తు వేసి, లిఫ్టు పెట్టాలని యజమానుల ఆలోచన. మగవాళ్లకు గేటు లోపలికి ప్రవేశం లేదు గనక ఆమె ఒక్కతే వెళ్లింది.

అక్కడి వార్డెను తల నెరిసినా నడుం వంగని మనిషి. నడుముకు తాళాల గుత్తి, కళ్లలో అనుమానం. ఆవిడ వెనకే కారిడార్లోకి అడుగు పెట్టగానే ఇంకోటమ్మకు ప్రాణం లేచొచ్చింది. చెమ్మ మరకలు, పెచ్చులూడిన రంగు, స్విచ్చుల చుట్టూ చేతి ముద్రలు, మూలనుంచి పాకిన పగుళ్లు. కంప్యూటరు పట్టుకుని వేలాడ్డానికి ఇంతకన్నా మంచి గోడలు దొరకవు.

"అమ్మగారూ, దయచేసి దేన్నీ ముట్టుకోకండి. ఎలా ఉన్నది అలాగే ఉండాలి. సోమవారం వచ్చి ఫొటోలు తీసుకుంటాను" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చింది.

వార్డెనమ్మ చెవికి ఎక్కింది ఫొటోలు అన్న మాట ఒక్కటే.

సోమవారం గేటు దగ్గరికే రంగు వాసన కొట్టింది. లోపల కారిడారు ఈ చివరినుంచి ఆ చివరిదాకా తెల్లగా, అద్దంలా నిగనిగలాడుతోంది. చెమ్మ లేదు, పగుళ్లు లేవు, ఒక్క మేకు గుర్తయినా లేదు.

"ఎలా ఉంది అమ్మాయ్?" అంది వార్డెనమ్మ. ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు.

"ముట్టుకోవద్దని చెప్పాను కదండీ!"

"ఫొటో తీస్తారంటే ముఖం కడుక్కోమా ఏంటి?"

ఇంకోటమ్మ తల పట్టుకుంది. మరకలేని తెల్లగోడలో కంప్యూటరుకు ఏదీ ఆనదు. ఏ ఫొటో ఎక్కడిదో దానికి అంతుపట్టదు. పైగా ఆ మెరుపులో కిటికీ వెలుగు అడుగడుక్కీ ఒక్కోచోట కనబడి దాన్ని ఇంకా తికమక పెడుతుంది. సరే, కనీసం గుర్తులైనా ఉంటాయని నలుపు తెలుపు గళ్ల కాగితాలు గోడకు అంటించుకుంటూ వెళ్లింది. ఆ చివరికి చేరి వెనక్కి తిరిగితే, ఈ చివరనుంచి ఊడ్చే ఆవిడ వాటిని ఒక్కొక్కటే పీకి బకెట్లో వేసుకుంటూ వస్తోంది.

"అయ్యో, అవి చెత్త కాదమ్మా!"

"గోడమీద కాగితం కనబడితే పీకెయ్యమన్నారు వార్డెనమ్మ" అంది ఆవిడ, ఆఖరిది కూడా పీకుతూ.

మళ్లీ అంటించింది. ఈలోగా డ్యూటీ దిగొచ్చిన నర్సు కిటికీ పక్కన నిలబడి తల దువ్వుకుంటూ వరసగా ఫొటోలన్నిట్లో పడింది. ఇంకెవరో బెంచీని ఇటునుంచి అటు జరిపారు. "జరపకండి" అని అరిస్తే, పాపం, తెచ్చి మళ్లీ మొదటి చోటికి దగ్గర్లో ఎక్కడో పెట్టారు.

మర్నాడు ఆఫీసులో తెర తెరిస్తే బయటి గోడలు, మెట్లు చక్కగా వచ్చాయి. కారిడారు మాత్రం ఎలకలు కొరికిన చాపలా ఉంది. బెంచీ ఒకటి రెండై కూర్చుంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఇంజినీరు. "ఫొటోలే కదా!"

గోడ ఎంత తెల్లగా ఉన్నా కొలిచే లేజరు యంత్రం అద్దెకు తెద్దామని ఆమె అంతకుముందే అడిగింది. ఆయన వినిపించుకోలేదు. ఇప్పుడు గుర్తు చేసినా లాభం లేదని తెర ఆపేసింది.

ఇంటికొచ్చి భర్త దగ్గర కడుపులో ఉన్నదంతా కక్కేసింది. అతను దర్జీ. చేతిలో గుడ్డ పక్కన పెట్టకుండానే విన్నాడు.

"నా దగ్గరికొచ్చే వాళ్లూ అంతే. టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. తర్వాత ప్యాంటు బిగుతైందని నాతో గొడవ. ఆవిడా పొట్ట లాక్కుంది, అంతే."

"నీకు నవ్వులాటగా ఉంది" అని విసురుగా లేచి వెళ్లిపోయింది.

రెండోసారి పాత పేపర్ల కట్ట, రంగు పాడుచేయని టేపు పట్టుకుని హాస్టలుకు వెళ్లింది. గోడ నిండా పేపర్లు అంటిస్తే అచ్చు అక్షరాలైనా కంప్యూటరుకు ఆసరా అవుతాయని ఆశ. వార్డెనమ్మ చేతులు చాచి కారిడారుకు అడ్డం నిలబడింది.

"నా గోడల మీదా? వీల్లేదు."

"వీల్లేదంటే నేను పోతాను. రంగేయొద్దంటే వేయించారు, కాగితాలు పెడితే పీకించారు. రేపు ఇంజినీరు అడిగితే మీరే సమాధానం చెప్పుకోండి!" ఆమె మెట్లమీద కూలబడింది. ఏడుపు రావడం ఆమెకే కోపంగా ఉంది.

వార్డెనమ్మ కాసేపు గుత్తిలో తాళాలు కదిపింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది.

"ఇదివరకు ఒకాయన ఇలాగే కెమెరా పట్టుకొచ్చాడు" అంది మెల్లగా. "ఇక్కడి మరకలన్నీ ఫొటోలు తీసి, భవనం పాడైందని రాసి, పై హాలుకు తాళం వేయించాడు. అందులో ఉండే అమ్మాయిలంతా ఎక్కడికి పోయారో నాకిప్పటికీ తెలీదు. ఈసారి పగుళ్లు చూస్తే మొత్తం కూలగొట్టేస్తారనుకున్నాను. అందుకే పూయించేశాను."

ఇంకోటమ్మకు కోపం చల్లారలేదు గానీ, దాని దిక్కు మారింది.

"పగులు కనబడకపోతే గట్టి గోడే అనుకుని దానిమీద ఇంకో అంతస్తు కట్టేస్తారండీ. పైనా కిందా పడుకునేది మీ అమ్మాయిలే."

వార్డెనమ్మ లేచి, "ఆ పెన్సిలు ఇలా ఇవ్వు" అంది. గుర్తులు పెట్టుకునే లావుపాటి నల్ల పెన్సిలు అది. కారిడారు మొదట్లో నిలబడి, తను పూయించిన తెల్లరంగు మీద ఒక గీత మొదలుపెట్టింది. తలుపు పైనుంచి వంకరగా, దూలం కిందికి. "ఇది అన్నిటికన్నా పాతది. ఇదిగో, దీనిది గోరు దూరేంత సందు. ఇక్కడ వానొస్తే ఊరేది." చెమ్మ ఉన్నంత మేరా చుట్టూ గీసింది. చూడకుండానే గీస్తున్నట్టుంది ఆవిడ చెయ్యి. గదుల్లోంచి అమ్మాయిలు తొంగిచూసి, "అమ్మా, మా తలుపు పక్కన కూడా ఒకటుండేది" అని గుర్తుచేశారు. మిగిలిన ఖాళీల్లో పేపర్లు అంటించడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఫొటోలు తీస్తున్నంతసేపూ వార్డెనమ్మే కాపలా కాసి, దువ్వెన పట్టుకుని వచ్చిన నర్సును గదమాయించి లోపలికి పంపింది.

ఈసారి తెరమీద కారిడారు నిలబడింది. ఆవిడ గీతలున్న చోట ఇంజినీరు మనుషుల్ని పంపి గోడ గీకించాడు. దూలంలో ఊచలు తుప్పుపట్టి ఉన్నాయి. ఆ వైపు అంతస్తు మానేసి, దూలానికి మరమ్మతు చేయించి, లిఫ్టును రెండో వైపుకు మార్చారు. భవనం కూలగొట్టే మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత ఒకరోజు వార్డెనమ్మ తనంత తాను ఆఫీసుకు వచ్చింది. "మా హాస్టలు చూపించు" అంది. ఇంకోటమ్మ తెరమీద పైకప్పు తీసేసి, గదులన్నీ పైనుంచి కనబడేలా తిప్పింది. ఆవిడ ముక్కు తెరకు ఆనేదాకా వంగింది.

"ఇదేంటి, గూడులా ఉంది?"

"మీ గదేనండీ."

"ఇంత చిన్నదా? అందులో నా మంచం, బీరువా, కుర్చీ, కుట్టుమిషను అన్నీ పట్టాయి. ఎక్కడో తప్పు కొలిచావు. మళ్లీ కొలువు."

"వేలెడు తేడా కూడా ఉండదండీ."

"అదంతా నాకు తెలీదు. మళ్లీ కొలవాల్సిందే."

వాదించి వాదించి అలిసిపోయి, ఆ సాయంత్రం ఇంకోటమ్మ టేపు పట్టుకుని హాస్టలుకు వెళ్లింది. వార్డెనమ్మ మంచమెక్కి, టేపు రెండో కొసను గోడకు గట్టిగా నొక్కిపట్టింది. తెరమీద ఉన్న కొలతే వచ్చింది.

వార్డెనమ్మ దిగి, గదిని నాలుగు వైపులా ఒకసారి చూసుకుంది.

"టేపులో ఏదో లోపముంది" అంది.